ఏ రంగో తెలీదు

కిరండల్ బండి గార్డు దేముడు
చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు,
మందుల చీటీలో చుట్టిన పదమూడు విత్తనాలు.
"కొండమీద టేసన్లో పూసేయి, నా అంతెత్తు.
హాలీహాక్ అంటారంట.
రంగు మాత్రం అడక్కు, సూసేసరికి సీకటి పడిపోనాది."

పల్చగా, గుండ్రంగా, అంచున చిన్న నొక్కు.
తుమ్మితే ఒకటి ఎగిరింది.
చెవిదుద్దు మర పడిపోతే వెతికినట్టు
గచ్చంతా చేత్తో తడిమాను.
అంటే పన్నెండు.

దసరా వెళ్లాక ఆరు వేశాను. వాయుగుండం పట్టింది.
మూడ్రోజులు కంచరపాలెమంతా తడిసిన గోనెసంచి వాసన.
తవ్వి చూడకూడదని తెలుసు,
చూశాను.
మెత్తబడి వేలికి అంటుకున్నాయి.

మిగతా ఆరూ కార్తీకంలో.
పాత పెయింటు డబ్బా, సింహాచలం వైపు ఎర్రమట్టి,
రెండు గుప్పెళ్లు ఇసక; బీచ్‌ది కాదు, దానికి ఉప్పెక్కువ.
నాలుగు లేచాయి.
మూడో ఆకు ముతగ్గా, బెండాకులా వచ్చేసరికి
"బెండమొక్కలే, గార్డు నిన్ను ఆడించాడు" అంది మా అత్త.
కొన్నాళ్లు కాయల కోసం చూసింది కూడా.

ఒకటి నత్త పాలు.
రెండు, ఇంటివాళ్ల స్కూటరు స్టాండు కింద.

మిగిలిన దాని మీద తెల్లారేసరికి పోర్టు బొగ్గు నుసి.
ఆరేసిన లంగాలకీ, పెరుగు గిన్నె మూతకీ
ఈ వీధిలో అందరికీ ఉన్నదే.
ఆకు అడుగున అరచెయ్యి ఆనించి
కళ్లజోడు తుడుచుకున్నట్టు తుడిచేదాన్ని.

మాఘం గాలికి నడుం వాలిస్తే
జాలారిపేట ఎర్రయ్య
విరిగిన తెడ్డొకటి తెచ్చి పక్కన పాతాడు.
"సముద్రాన్నే తోసింది, ఇదెంత" అన్నాడు.

శివరాత్రి మర్నాడు, జాగారం కళ్లతో వెళ్తే
అడుగు మొగ్గ విప్పి ఉంది.
నేరేడుపళ్లు తిన్న నాలుక రంగు!
బొగ్గు పడినా కనపడని రంగు.
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
ఆ పైన మెట్టు మెట్టుకీ ఒకటి, ఉగాది దాటేదాకా.
మా అత్త ఒకటి కోసి జడలో పెట్టుకుంది,
బెండకాయల మాట మళ్లీ ఎత్తలేదు.

ఎండిన కాయ ఒలిస్తే
బిళ్లకి బిళ్ల ఆనుకుని, గుండ్రంగా, గుప్పెడు.

తెల్లారగట్ల ప్లాట్‌ఫారం మీద దేముణ్ణి పట్టుకున్నాను.
"నానిచ్చేనేటి? ఎప్పుడూ?"
జెండాలు చంకలో పెట్టుకుని తల గోక్కున్నాడు.
రంగు చెప్పబోయాను, ఇంజను కూత మింగేసింది.
పొట్లం కట్టే టైము లేదు,
అదే జేబులో పోసేశాను.

జేబు అడుగున కుట్టు ఊడి ఉంది.
చూశాను.
చెప్పలేదు.