ఎల్. డిస్. 412

మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాసన
చిత్తూరంతా తియ్యగా పులుస్తున్న నెలలో
రికార్డు రూము తాళంచెవి నా చేతిలో పెట్టాడు వేలాయుధం.
"చెప్పులు బయట విడువు పాపా."
భక్తి అనుకున్నాను. చెదలంట,
మట్టితో పాటే లోపలికి నడిచొస్తాయంట.

ముప్పై ఆరేళ్ళు ఆ అరల నడుమ తిరిగి తిరిగి
ఆయన భుజాలు కూడా సందు వెడల్పుకు తగ్గినాయి.

మొదటి వారమంతా ముడి నేర్పాడు.
ఎర్ర నాడా
లాగితే ఊడాల,
లాగకుంటే ఊడకూడదు.
"బిగించి కట్టినోడు మళ్ళీ చూడడు.
వదులుగా కట్టినోడికి మళ్ళీ దొరకదు."

కట్ట తీసిన చోట అట్టముక్క నిలబెట్టమన్నాడు,
ఎవరు తీసుకుపోయారో, ఏ తేదీనో రాసి.
"పన్నూడిన సందులోకి నాలుక పోతాది చూడు,
అట్లా పిలవాల ఆ ఖాళీ."

తర్వాత అక్షరాలు దిద్దించాడు.
ఆర్. డిస్. అంటే చావు లేనిది.
డి. డిస్. పదేళ్ళు.
ఎల్. డిస్. ఒక్క పంచాంగమంత బతుకు.
"అన్నీ దాస్తే గుట్ట అయితాది.
గుట్టలో సూదీ పోతాది, నిజమూ పోతాది.
కాల్చు. ఏం కాల్చినావో రాసి కాల్చు.
ఆ రాసిన పుస్తకాన్ని మాత్రం కాల్చొద్దు."

ఖాకీ అట్ట పుస్తకం అది.
చచ్చిన కాగితాల చిట్టా, ఎవరికి కావాల అనుకున్నా
కన్నెమ్మ వచ్చేదాకా.

గంగాధర నెల్లూరు అవతల నుంచి
రెండు బస్సులు మారి, ఉత్త చేతుల్తో వచ్చింది.
"మా కాలనీలో పీనుగను మోసుకుపోవాలంటే దారి లేదు.
దారి కావాలని మా నాయిన అర్జీ పెట్టినాడు.
ఇప్పుడు ఆ చేను కొన్నోళ్ళు అంటా ఉండారు,
ఎన్నడూ ఎవురూ అడగనే లేదని.
యాడుండాది సామీ, మా నాయిన అడిగిన కాగితం?"

పేరు, ఊరు, సంగతి, సంవత్సరం.
టీ చల్లారేలోపు వేలాయుధం వేలు
ఖాకీ పుస్తకంలో ఒక వరస మీద ఆగింది.
ఆగి, అక్కడే ఉండిపోయింది.

ఎల్. డిస్. 412 / 1987.
చిన్నకన్నయ్య, కూలీ.
విషయం: శ్మశానానికి దారి.
పుటలు: ఒకటి.
నాశనం చేసినది: 1989 మార్చి.

ఒక పుట. ఒక ఏడాది.
గుమాస్తా సెలవు చీటీకి ఎంతో
పాడె నడిచే దారికీ అంతే ఆయుష్షు.

"ఉండాదా?" అంది.
"కాగితం లేదమ్మా. అడిగినట్టు ఉంది."
చదువు రాని ఆ మనిషి
వరస మీద అరచెయ్యి ఆనించి నిలబడింది,
బిడ్డ నుదురు కాలుతోందా అని చూసినట్టు.

"ఆ 'ఎల్' నా రాతే" అన్నాడు వేలాయుధం
ఎవరూ అడక్కుండానే.
"కొత్తగా చేరినా. గుమాస్తా చెప్పినాడు, రాసినా.
చేతిరాత బాగుందని నాకే ఇచ్చేవాళ్ళు."
కన్నెమ్మ ఆయన వంక చూసింది.
తిట్టలేదు. సరేననీ అనలేదు.

ఆ పుటకు నకలు తీసి సీలు వేశాం.
కొత్త అర్జీ నేను రాశాను, ఆమె వేలిముద్ర వేసింది.
నంబరు పడింది.
కట్ట పైకి పంపేటప్పుడు
నకలు అన్నిటికంటే మీద పెట్టి నాడా కట్టాను,
ఒక్క వేలితో లాగినా ఊడేటట్టు.
చివరి అక్షరం వేసే గడి ఖాళీగా ఉంది.
దాన్ని నింపే చెయ్యి నాది కాదు.

ఆ సాయంత్రం వేలాయుధం
ఖాకీ పుస్తకాన్ని అరలోకి ఎక్కించలేదు.
నా బల్ల మీదే తెరిచి వదిలి,
గడప దాటి, చెప్పుల కోసం
చీకట్లో కాళ్ళతో వెతుక్కుంటూ నిలబడ్డాడు.