రాగులు పరిచిన రోడ్డు

పందెం పుస్తకంలో దాని పేరు మిడ్‌నైట్ లెడ్జర్.
పద్నాలుగు పరుగులు, ఒకే ఒక్కసారి మూడో స్థానం.
హెసరఘట్ట లాయంలో దించిన రోజు
దస్తగిరి మామ దాని ఒంటి రంగు చూసి
"జీరా" అన్నాడు.
అది ఆయన భుజం కొరికింది.
పేరు మాత్రం నిలిచిపోయింది.

నా మెడ కింది ఎముక విరిచిందీ అదే.
యలహంక వైపు నుంచి యుద్ధవిమానం ఒకటి
ఆకాశాన్ని పాతచీరలా చింపుకుంటూ పోయిన ఉదయం
నేను జీను మీద ఉన్నాను.
ఆ తర్వాత లేను.

కట్టు విప్పించుకుని వస్తే
మామ జీను తీయలేదు.
ఇరవై అడుగుల పగ్గాలు రెండు చేతిలో పెట్టాడు.
"ఎక్కొద్దు. వెనక నడువమ్మా."
"ఎన్నాళ్ళు?"
"నన్నడిగితే? దాన్నడుగు."

పగ్గాలు చేపట్టడమంటే పెత్తనం అనుకున్నాను.
పేపర్లో అందరూ అలాగే రాస్తారు.
ఇక్కడ పగ్గాలు చేపట్టిన మనిషి
లద్దె దాటుకుంటూ,
గుర్రం ఆగితే ఆగుతూ,
దాని తోక చెప్పే సంగతులు చదువుకుంటూ
వెనకాల నడుస్తుంది.

గుర్రానికి చుట్టూరా కనిపిస్తుందట,
తోక వెనక ఒక్క చారెడు చోటు తప్ప.
పులి వచ్చేది అక్కణ్ణించే.
సరిగ్గా అక్కడ నిలబెట్టాడు నన్ను.
"కనబడవు కదా, వినబడు" అన్నాడు.

ఏం వినబడను?
మొదటిరోజు దాన్ని బతిమాలాను, రెండోరోజు తిట్టాను.
మూడోరోజు మాటలన్నీ అయిపోయి
హిందూపురం బడిలో బట్టీపట్టిన ఎక్కాలు అందుకున్నాను.
పదమూడో ఎక్కంలో తడబడ్డప్పుడు
ఎడమచెవి ఒక్కటి
నెమ్మదిగా నా వైపు తిరిగింది.

అంతటితో కుదిరిపోలేదు.
నీలగిరి తోట మలుపులో గిర్రున తిరిగి
పగ్గాలను తనకూ నాకూ చుట్టేసి
ముళ్ళపొదల్లోకి ఈడ్చుకుపోయింది.
తాడు కాల్చిన గీతలు చూసి
జాతకం చెప్పేవాడెవడైనా
రెండు ఆయుష్షులనేవాడు.
"విడుపు ముందు నేర్చుకో,"
పసుపు అద్దుతూ మామ గొణిగాడు,
"పట్టు ఎవడికైనా వస్తుంది."

జనవరిలో, మంచు విడవని పొద్దున,
రోడ్డంతా రాగి కంకులు పరిచి ఉన్నాయి,
బస్సులూ లారీలూ తొక్కి నూరుస్తాయని.
జీరాకది రోడ్డు కాదు. నిన్నటిదాకా లేని జంతువు.
నాలుగు కాళ్ళూ పాతేసింది.
వెనక బస్సు హారన్.
నా మోచేతుల్లో పాత కోపం,
ఒక్క గుంజు గుంజితే చాలుననే కోపం.

ఒక మూర తాడు వదిలాను.
పదమూడో ఎక్కం మొదలుపెట్టాను.
బస్సు మళ్ళీ అరిచింది, ఎక్కం ఆగలేదు.
తల దించింది. వాసన చూసింది. తుమ్మింది.
ఒక డెక్క.
కరకర.
ఉలిక్కిపడి, తానే చేసిన చప్పుడని తెలిసి,
రెండో డెక్క.

చేట పట్టుకున్న హనుమక్క
తన పంటను తొక్కుతున్న గుర్రాన్ని చూసి
"బరలి బిడు" అంది.
రానీ పోనీ, దానికీ నాలుగు కాళ్ళున్నాయి కదా అన్నట్టు.

సగం దాటామో లేదో
ఆకాశం మళ్ళీ చిరిగింది.

వీపు మీద చర్మం అలలా కదిలింది.
ముందుకు దూకింది.
తాడు అరచేతుల్లోంచి జారింది, జారనిచ్చాను,
చివరి ముడి వేళ్ళకు తగిలేదాకా.

అక్కడ ఆగింది.
తాడు బిగిసి కాదు,
ఇంకా జానెడు వదులు ఉంది.
రాగి పొట్టు ఎగురుతున్న వెలుతురులో
ఒగరుస్తూ, తల తిప్పకుండా,
రెండు చెవులూ వెనక్కి పెట్టి
నా గొంతు కోసం చూస్తోంది.

ఎక్కం ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు.
మొదటి నుంచి అందుకున్నాను.