తెల్లబోర్డు

రాత్రి రెండున్నర.
దేవనహళ్లి ఎయిర్‌పోర్టు, దిగినోళ్లు బయటికొచ్చే గేటు.
కాఫీ నూట తొంభై. తాగను.
పలక పట్టుకున్న బడిపిల్లోడి మాదిరి
బోర్డు ఎదకానించుకుని నిలబడతా.

ఇంగ్లీషు రాదనలేను, వచ్చనలేను.
కంపెనీ పంపిన మెసేజి చూసి
ఒక్కో అక్షరం ముగ్గు దించినట్టు దించుకుంటా.
యోకో తనాకా.
మగో ఆడో తెలియదు. పొట్టిపేరు, మార్కరు మిగిలింది.

ఈ ఊరు ఏం తయారుచేస్తుందో
పదకొండేళ్లుగా నాకు చెప్పింది ఈ పేర్లే.
మొదట్లో అంతా ముల్లర్లు, ష్మిట్లు:
పీణ్యా షెడ్లలో లేతు మిషన్లకి జబ్బుచేస్తే చూసే డాక్టర్లు.
తర్వాత కిమ్, కిమ్, ఇంకో కిమ్.
కార్ల ఫ్యాక్టరీకని తెల్లారేలోపు పెనుకొండలో దించాల,
మా పాలసముద్రం క్రాస్ మీదుగా,
మా ఇంటి లైటు చూస్తా, ఆగకుండా.
బెళ్లందూరులో బ్యాంకు లెక్కలకి ఒక ఐర్లండామె.
ఇమానం రెక్కలకి ఒక ఫ్రెంచాయన.
రెక్కలో నువ్వు చేసేదేందని అడిగితే
చిటికెనవేలు గోరు చూపించినాడు. అంత బోల్టు.

హెబ్బాళ ఫ్లైఓవర్ మీద బండ్లు ఆగినప్పుడు
అందరూ అడిగేదొకటే: ఇక్కడ పని దొరుకుతుందా అందరికీ?
దొరుకుతుంది సార్.
మా మరదలు ఓబుళమ్మకి దొరికింది,
బొమ్మనహళ్లి గార్మెంట్స్‌లో గంటకి నూట ఇరవై కాలర్లు.
మీరేసుకున్న చొక్కాది కూడా కావచ్చు.
ఆ మాట అనను.
అశ్వత్థప్ప కొడుక్కి దొరికింది,
దొరికి, పోయి, మళ్లా దొరికి.
మెడలో తాడుంటే ఆఫీసు, వీపున సంచుంటే డెలివరీ.
ఏ నెల ఏదో వాడి బండికే తెలుసు.

బోర్డు గుడ్డతో తుడుస్తా. పూర్తిగా పోదు.
వెలుతురుకి వాల్చి పట్టుకుంటే
తనాకా కింద కిమ్, కిమ్ కింద ముల్లర్,
అన్నిటికీ అడుగున
కొత్తలో తెలీక చెరగని మార్కరుతో రాసిన పేరు:
ఓలాఫ్ బ్రెంకే.

రెండేళ్లు తిప్పినా ఆయన్ని.
నా టిఫిన్‌లో ఉగ్గాని తిని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు, కారానికి.
తెలుగులో ఒక్క మాట నేర్చుకున్నాడు: చాలు.
ఒకరోజు వెనకసీట్లోంచి, మామూలుగా, చెప్పినాడు:
"మిషను మీ పిల్లోళ్లకి నేర్పడం నా పని.
బాగా నేర్చుకున్నారు.
ఇంక నాకు పని లేదు."

పోయే గేటు దగ్గర ఎవరూ బోర్డు పట్టుకోరు.
రెండో పెట్టె నేను ఎత్తబోతే
చాలు, అన్నాడు.

అద్దాల తలుపు తెరుచుకుంది.
చిన్న మనిషి, ఆడమనిషి, బోర్డు చూసి నవ్వింది.
నేర్పేదానికొచ్చినావా తల్లీ, నేర్చుకునేదానికా
అని అడగాలనిపించింది.
అంత ఇంగ్లీషు కూడలేదు నాకు.
"ఫ్లైట్ బాగుందా మేడమ్" అన్నా,
మార్కరు మూత కోసం జేబులు తడుముకుంటా.