పదకొండోది

మొదటి గుడ్డు కొబ్బరి డొక్కల చాటున దొరికింది.
లేత గోధుమ రంగు, చిన్నది, మీద సన్నటి రక్తపు గీత.
అరచేతిలో పెట్టుకుని మిషను ముందు
అలా కూర్చుండిపోయాను,
మార్తమ్మ జాకెట్టు ఆ పూటకే ఇస్తానన్నానని తెలిసీ.

గ్రామప్రియ అంటారు వీటిని.
పశువులాసుపత్రి కాంపౌండరు భూషణం
అట్టపెట్టెలో ఇరవై పిల్లల్ని దింపి
"ఏడాదికి నూట ఎనభై గుడ్లకి తక్కువుండవండి, ఆయ్" అన్నాడు.
రెండు తోవలోనే పోయాయి.
మూడింటిని ముంగిస, ఒకదాన్ని గద్ద.
ఇంకోటి ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలీదు,
తెల్లారేసరికి బల్బు కింద నిద్రపోతున్నట్టే ఉంది.
మిగిలినవాటిలో నాలుగు పుంజులని తేలాక
భూషణం లెక్క మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పళ్ళాలమ్మ పిన్ని వీటిని చూస్తే తిడుతుంది:
"నాటుపెట్టయితే గద్ద నీడకే పొదల్లో దూరుద్ది,
ఇయ్యేంటే, మెడెత్తి చుట్టాన్ని చూసినట్టు చూత్తాయి!"
రేవుకాడ సుందరప్పకి మాత్రం ఇవంటే మోజు.
గంపలోకి తోలక్కర్లేదట, గేటు చప్పుడైతే చాలట,
మేత వేసే చెయ్యో కోసే చెయ్యో చూడకుండా
పరిగెత్తుకొస్తాయట.
అదే తనకి నచ్చిందంటాడు. నాకదే భయం.

గుడ్డు పెట్టి లేచిపోతాయి. వెనక్కి చూడవు.
పొదుగు అనే పోగుని
వీటి ఒంట్లోంచి ఎవరో
కుట్టు విప్పి లాగేసినట్టు.

ఆషాఢంలో మార్తమ్మ నల్లపెట్ట పొదుక్కొచ్చింది,
ఈకలు ఉబ్బించి, వేలు పెడితే రక్తం కళ్ళజూస్తూ.
గుడ్లు నావి, పెట్ట తనది, పిల్లలు చెరిసగం.
గంపలో ఇసుక, పైన ఎండుగడ్డి, పదమూడు గుడ్లు,
ఉరుముకి మురగకుండా ఓ బొగ్గుముక్క.
ఇనుముకి మేకు దొరక్క
విరిగిన మిషను సూది ఇచ్చాను.

పదిహేనో రోజున లంకలోకి గోదారొచ్చింది.
నేను మిషను తల విప్పి చంకనెత్తుకున్నాను,
తను గంప నెత్తినెట్టుకుంది.
పడవలో నా తొమ్మిదీ సంచుల్లోంచి మెడలు చాపి
ఎర్రనీళ్ళని వింత చూశాయి.
ఒకటి సంచిలోనే గుడ్డెట్టేసింది కూడాను.
నల్లది మాత్రం
పడవ ఒరిగినా రెక్క సడలించలేదు.

ఏటిగట్టు మీద, టార్పాలిన్ కింద,
పులిహోర పొట్లాలు పంచుతున్న పొద్దున
మొదటి ముక్కు బయటకొచ్చింది.
సాయంత్రానికి పదకొండు. రెండు మురిగాయి.
తన రంగుది ఒక్కటీ లేదు,
నల్లది రెక్క దించి
పదకొండింటినీ లోపలికి లాక్కుంది.

ఐదు, ఐదు. మరి పదకొండోది?
"మీరుంచుకోండి, గుడ్లు మీయి కదా," అంది మార్తమ్మ.
"పెట్ట నీది," అన్నాను.
అలా ఎటూ తేలకుండానే నీళ్ళు తీశాయి,
బురద కడుక్కుంటూ ఎవరిళ్ళకి వాళ్ళం వచ్చేశాం.

మా వీధికీ వాళ్ళ పేటకీ మధ్య బోదె.
దానిమీద ఒక కొబ్బరిదుంగ.
ఇన్నేళ్ళలో నేనది దాటలేదు.
కొలతలకీ తనే వచ్చేది, కుట్టినవి పట్టుకెళ్ళడానికీ తనే.
పిల్లలు తల్లిని విడిచాక
పదకొండోది మాత్రం
పొద్దున మా నూకలు, మధ్యాహ్నం వాళ్ళ తవుడు,
దుంగ మీద రెండు కాళ్ళ పక్షి, దారి తనదే అన్నట్టు.

మొన్న దీపాల వేళకి అది రాలేదు.
ముంగిస గుర్తొచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని
దుంగ దాటేశాను.

చూరు కింద మార్తమ్మ చేటతో లేచి నిలబడింది.
"నేనే తెద్దామనుకుంటన్నానండి, మీదాన్ని."
"మీదే కదండీ, మార్తమ్మ గారూ," అన్నాను.

కాసేపు ఇద్దరికీ మాట తోచలేదు.
తను పీట వాల్చింది. కూర్చున్నాను.
మా కాళ్ళ మధ్య అది
ఒక్కో గింజా ఏరుకుంటోంది.
పుంజో పెట్టో ఇంకా తెలీదు.