తీసివేత

అల్ కువా దాటినంక రోడ్డు దీపాలుండవు.
అందుకే ఇక్కడ పెట్టిండ్రు దుర్భిణి.
తెల్ల గుమ్మటం, పక్కన పోర్టా క్యాబిన్,
నీళ్ల ట్యాంకు, నేను.

మగ్రిబ్ అజాన్ కంటే ముందే నా పని షురూ.
గుమ్మటం తిరిగే పట్టాల మీద ఇసుక ఊడుస్త.
షమాల్ గాలి లేసిన రోజు
ఊడ్చిన చోటే మళ్లా ఊడుస్త.
నా బతాకాల క్లీనర్ అని ఉంది,
అది తప్పేం కాదు.

చీకటి పడ్డంక పై రేకు రెండుగ విచ్చుకుంటది.
ఎవరూ ముట్టకుంటనే దుర్భిణి తలకాయ తిప్పుతది,
ఈ మూలకో బొమ్మ, ఆ మూలకో బొమ్మ,
తెల్లారేదాక నాలుగు వందల బొమ్మలు.
కంప్యూటర్ కాడ హెస్సా కూసుంటది,
అల్ ఐన్ కాలేజీ పిల్ల, గావా ఫ్లాస్కు పక్కన పెట్టుకొని.

ఈ లెక్క ఆమెనే చెప్పింది:
ఇయ్యాల్టి ఆకాశంలకెల్లి
పోయినేటి ఆకాశాన్ని తీసెయ్యాలె.
ఎప్పటి చుక్కలన్నీ కొట్టుకపోతయి.
బూడిద రంగు మిగులుతది, ఒట్టి బూడిద.
అందుల ఏదన్న మెరిసిందంటే
అది కొత్తది.

క్యాబిన్ల పండుకొని నాకూ ఓసారి అనిపించింది,
ఈ ఏటి రోజులకెల్లి పోయినేటి రోజుల్ని తీసేస్తే
నాకేం మిగులుతదని.
ఒక పన్ను ఊడింది. అది మిగులుతది.

మిగిలినయన్నీ కొత్త చుక్కలు కావు.
అద్దం మీది దుమ్ము ఒకటి, అది నా తప్పు.
దోహా పోయే విమానం ఒకటి.
గంట తర్వాత జరిగి కనబడితే ఏదో రాయి,
సూర్యుని సుట్టూ తిరిగేది, మాకు పనికిరాదు.
నిజామాబాద్ యార్డుల తొమ్మిదేండ్లు పసుపు ఏరినోణ్ని,
కాడి ఒక దిక్కు, గోల ఒక దిక్కు,
పుచ్చువట్టింది కాళ్ల కిందికి.
కన్ను ఊకె ఉంటదా?
ఆమె వెనక నిలబడి నేనూ ఏరుతుంటి.

అమాస రాత్రి, మూడు దాటింది.
పలక మీద తడి వేలి ముద్ర లెక్క ఒక గెలాక్సీ,
దాని అంచుకు ఒక చుక్క మిగిలింది.
హెస్సా బల్ల మీద తలపెట్టి నిద్రవోయింది.
లేపాల్నా వద్దా?
గంట చూసిన.
మళ్లా బొమ్మ వచ్చింది. జరగలే. ఉంది.
బీబీ, అన్న,
ఇది దుమ్ము కాదు,
దుమ్మును నేను గుర్తువడ్త.

నాలుగొద్దులకు
సముద్రాల అవతల ఏదో కొండ మీది పెద్ద దుర్భిణి
ఆ వెలుగును దువ్వెనతోటి పాయలు తీసినట్టు తీసి పంపింది.
తెర మీద వంకర గీత.
హైడ్రోజన్ లేదు, అన్నది హెస్సా ముక్కల హిందీల,
అది ఉంటే రెండో రకం.
ఇక్కడ గుంట పడ్డది చూసినవా, ఇది సిలికాన్.
మొదటి రకం, అందుల ఏ.

హైడ్రోజన్ నాకు తెలుసు.
డిచ్‌పల్లి బడిల సారు ఉదజని అనెటోడు,
నీళ్లను కనేదని.
మరి సిలికాన్ అంటే?
ఆమె కిటికీ దిక్కు చెయ్యి చూపించింది.

నీళ్లను కనేది లేదు. ఇసుక ఉంది.
ఇగ దానికి రకమెందుకు బీబీ,
అల్ కువా అని రాయి పో.
ఆమె నవ్వితే గావా ఒలికింది.

కాగితంల దాని పేరు ఒక ఏడు, నాలుగక్షరాలు.
చూసినోళ్ల వరుసల ముబారక్ సాబు, హెస్సా,
ఇంక నీ పేరు స్పెల్లింగ్ చెప్పు అన్నది.
లింబాద్రి.
బతాకాల ఉన్నట్టే రాయమన్న,
అండ్ల ఒక అక్షరం తప్పున్నా.

ఇప్పుడది సల్లారుతుంది, రాత్రికింత.
ఏ కాలంలనో ఇసువంటిది పేలిన బుగ్గే
ఈ తిన్నెలన్నిట్ల ఉందంటది హెస్సా.
పొద్దుగూకంగ పట్టాలు ఊడ్చిన.
చాట నిండ ఇసుక.
రోజూ కంచె అవతల గుమ్మరించేటోణ్ని,
ఇయ్యాల చాట పట్టుకొని
జరసేపు నిలబడ్డ.
గాలి రానే వచ్చింది,
సగం అదే తీసుకపోయింది.