తొలి కచేరి, ఆటోనగర్

బ్యాండు పెడదామన్నాడు సుభానీ
టీలో బన్ను ముంచుతూ.
ఇనప సంగీతమట, ఫ్యాక్టరీ చప్పుళ్ళే పాటలట.
"పదిహేనేళ్ళుగా మనం చేస్తున్నదేంటి మరి?"
అడిగాడు ఏసోబు.
"అది పని. ఇది కళ. దీనికి కూలి రాదు."

నాంచారయ్య గారి లారీ బాడీల షెడ్డులో రిహార్సలు.
ఏసోబు గ్రైండరు. నేను సుత్తి, పాత ఛాసిస్.
గొంతు సుభానీది,
లారీలు రివర్సు చేయించి చేయించి పండిన గొంతు:
రానీ రానీ రానీ... హోల్డాన్!
శ్రుతి కంప్రెసరు ఇచ్చింది,
గాలి నిండగానే తుస్సుమని అదే మానేసింది.

పేరు దగ్గర రెండ్రోజులు కొట్టుకున్నాం.
నేను "తుప్పు" అన్నా.
ఏసోబు "గుండె బోల్టు" అన్నాడు.
నాంచారయ్య గారొచ్చి "అద్దె" అన్నారు.
అదే ఖాయం చేశాం.

కచేరి రోజు బెజవాడ ఎండ రేకుల మీద పెళపెళలాడింది.
పక్క షెడ్డువాళ్ళు తలైనా తిప్పలేదు,
ఎదురు షెడ్డు కుర్రాడు మాకంటే తాళంలో కొడుతున్నాడు.
ఒక్కాయన మాత్రం కదలకుండా విన్నాడు,
కళ్ళు తుడుచుకున్నాడు,
"బాగుంది బాబూ,
నా ట్రాక్టరు తొట్టి ఎప్పుడిస్తారు?"

మూడో పాటలో మా ఫ్యూజు ఎగిరింది.
మేమొక్కళ్ళమే ఆగిపోయాం.

అప్పుడొచ్చారు జనం!
టైర్ల గుట్టల వెనక నుంచి, లేతు మిషన్లు వదిలేసి,
గ్రీజు చేతులతో పరిగెత్తుకుంటూ,
"ఎవరి చెయ్యిరా? ఎవరి చెయ్యి పడింది?"

పదేసి వేళ్ళూ ఎత్తి చూపించాం.
ఎవరూ ఏమీ అనలేదు.
ఎక్కడిదో ఓ నట్టు దొర్లి దొర్లి పడుకుంది.

సుభానీ నా చెవిలో అన్నాడు,
"రాసుకో. నాలుగో పాట."