తరుగు

ఎనుమాముల యార్డుల ఇరవై ఆరేండ్ల సంది కాంటా పడుతున్న.
బస్తా మీద చెయ్యేస్తే చాలు,
నలభై కిలోలా, నలభై రెండా చెప్త.
తడుంటే ఒక తరుగు, తాలుంటే ఒక తరుగు,
ఏం లేకున్నా అలవాటు కొద్దీ ఒక తరుగు.
రైతు మొకం దిక్కు చూడకుంట
చీటీ మీద రాసుడు నేర్చిన.

నా లోపట కూడ ఒకడు కూసోని
గట్లనే రాస్తున్నడని ఎరుకలే.

పొద్దుగాల ఐదు గొట్టంగ చాయ, దాంతోటి బీడీ.
జెండా పాట అయ్యేదాంక ఇంకో నాలుగు.
పగటీలి గేటు కాడ బజ్జీలు.
నూనె నల్లగుంటదని అందరికెరుకే,
నల్లటి నూనెలనే రుచుంటదని కూడ అందరికెరుకే.
తొక్కుల ఉప్పు చాలదని మీదికెల్లి ఇంకింత.
రాత్రి కట్టయ్యతోటి ఒక క్వార్టరు,
మిర్చి గొంతుల గీరుతది, కడుక్కోవాలె గద!

సరుకు షెడ్లు నిండి
రోడ్డు మీదికి ఎర్రగ పారిన నాడు
ఎడమ చెయ్యి గుంజింది.
బస్తా ఒరిగితే పట్టుకున్న, అందుకే అనుకున్న.
దవడ నొచ్చింది. పిప్పి పన్ననుకున్న.
చెమట పోసింది. ఎండనుకున్న.
గ్యాసనుకోని సోడా తాగిన.
సొంత పానం కాడ
మనిషికెన్ని అబద్ధాలు తయారుగుంటయో.

"రాజమొగిలీ, కండ్లు మూయకురా" అనుకుంట
కట్టయ్య నన్ను ట్రాలీల పండవెట్టి ఎంజీఎంకు తెచ్చిండు.
నా అంగీ ఇప్పుకుంట నర్సమ్మ నాలుగుసార్లు తుమ్మింది.
ఆ రాత్రి నవ్వొచ్చింది గదొక్కటే.

పొడుగు కాయితం మీద గీతలు.
డాక్టరమ్మ చిన్నపిల్ల, నా బిడ్డంత.
"ఇది ఇయ్యాల వచ్చింది కాదు పెద్దాయనా,
ఏండ్ల సంది పేరుకుంటొచ్చింది" అన్నది.
ఆమె ఇంకా ఏమో చెప్పింది గని
నాకు అప్పటికే సమజయింది.
రోజుకింత, పిడికెడంత.
లెక్క మాత్రం ఇయ్యాల చూపెట్టిండు.

నరంల చిన్న జాలి గొట్టమేసి పంపిన్రు.

ఇగ ఇంట్ల కాంటా కనకలక్ష్మి చేతికి పోయింది.
చిటికెడు ఉప్పు తీసి
అండ్ల సగం మళ్ల డబ్బల పోస్తది.
"గిది నీ తరుగు" అంటది.
చిన్నప్పుడు బడిల దాసుకోని తిన్న జొన్న గట్క
ఇప్పుడు డాక్టరు చీటీ మీదికెక్కింది.
పెండ్లిల్ల కూసుంటే
నా ఇస్తార్ల తునకలు ఆమె కండ్లతోనే లెక్కవెడ్తది.

బీడీ మానిన.
నా దుఃఖం పొగ కోసం కాదు.
యార్డుల మాకు నీడల నిలవడే హక్కు
ఆ బీడీయే ఇచ్చింది.
ఉత్తగ నిలవడితే సేటు "ఏందిరా" అంటడు,
బీడీ ముట్టిచ్చుకోని నిలవడితే ఏమనడు.
ఐదు నిమిషాలు మనిషి లెక్క ఉండనీకె
ఎన్ని కట్టలు కాల్చినమో.
ఇప్పుడు ఉత్త చేతులతోటే నిలవడుతున్న.
సేటు చూస్తడు. చూడనీ.

కట్టయ్య ఇనలే.
"నీకొస్తే నాకూ రావాల్నా" అని నవ్విండు.
దీపావళి ఎల్లిన మూడోనాడు
పత్తి బస్తా ఎత్తుకుంటనే ఒరిగిండు.
గదే ట్రాలీ. ఆని తల నా తొడ మీద.
ముక్కు కింద ఒక దూది పోగు అంటుకున్నది.
కదలాలె గద.
హంటర్ రోడ్డు పొడుగూతా దాన్నే చూసిన.
కదల్లే.

ఆదివారాలు యార్డు ఖాళీగుంటది.
షెడ్డుకెల్లి షెడ్డుకు నడుస్త.
మొదట్ల రెండో షెడ్డు కాడనే కూలవడేది,
ఇప్పుడు ఎనుక గేటుదాంక పోతున్న.
నడుసుకుంట ఈలేస్తే మధ్యల ఇరుగుతలేదు.
ఒకనాడు ఎవ్వలు లేంది చూసి కాంటా ఎక్కిన.
డెబ్బై ఒకటి.
అలవాటు కొద్దీ తరుగు తీయబోయి
నవ్వుకున్న. నిజానికి నవ్వు కాదది.

మళ్ల సీజనొచ్చింది.
సోమవారం నర్సంపేట దిక్కు ముసలి రైతు,
ఎండిన సరుకు, గలగల అంటున్నది.
ఎంతున్నదో గంతే రాసిన.
ఎనుకకెల్లి సేటు దగ్గిండు.
మిర్చి ఘాటుకనుకున్న.